ఊగిన నట్టు

శనివారం మధ్యాహ్నం షెడ్డు ఓనరు తనంతట తానే నా కొట్టుకి వచ్చాడు. పదిహేనేళ్ళుగా ఆయన షెడ్డు పనిముట్లు నా చేతి మీదుగానే పోతున్నా, ఆయన ఏనాడూ నా గడప తొక్కలేదు. మర చెడిన పుల్లరో, నట్టు పట్టేసిన జాకీయో ఎవరిచేతనో పంపేవాడు, సాయంత్రానికి తెప్పించుకునేవాడు. అలాంటి మనిషి వచ్చి స్టూలు మీద కూర్చుని, బెంచి మీద వరసగా పేర్చుకున్న, నట్లలో మర కోసే నా ట్యాపుల్ని ఒక్కొక్కటీ తీసి చూడడం మొదలుపెడితే నాకు ఒళ్ళు మండింది. నా బెంచి మీద వస్తువు ఎవరు ముట్టుకున్నా నాకు గిట్టదు. అది నా జబ్బు, ఒప్పుకుంటాను.

"మీ బావ సంగతి ఏం చేద్దాం?" అన్నాడు చివరికి.

"బావకేమైంది?"

"ఏమీ కాలేదు, అదే నా బాధ. నేను రెండో షెడ్డు తెరుస్తున్నానని నీకు తెలుసుగా. అక్కడ పని పూర్తయిన ప్రతి బండినీ ఒకసారి చూసి, బాగుందనిపిస్తేనే సంతకం పెట్టి బయటికి పంపే మనిషి కావాలి. చేతులతో పని లేదు, కళ్ళూ చెవులూ చాలు. మీ బావని మించినవాడు నాకెక్కడ దొరుకుతాడు? మూడుసార్లు ఇంటికెళ్ళి అడిగాను. రానంటాడు."

"ఎందుకట?"

"'గాలి గన్ను పెట్టకూడని నట్టుకి గన్ను పెట్టి చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి. ఇంకొకడి పని మంచిదో చెడ్డదో నేనా చెప్పేది?' అంటాడు. ఆ కిటికీ దగ్గర ఇంకో రెండేళ్ళు అలాగే కూర్చుంటే మనిషి మిగలడయ్యా. నువ్వు చెప్పి చూడు, నీ మాటంటే ఆయనకి గురి. సోమవారం దాకా ఆగుతాను. తర్వాత ఇంకొకణ్ణి చూసుకోవాలి మరి."

సరేనన్నాను. అనక ఏం చేస్తాను? ఆయన వెళ్ళాక ట్యాపుల్ని మళ్ళీ వరసలో పెట్టాను. పదో నంబరుదీ పన్నెండో నంబరుదీ తారుమారు చేసి పోయాడు. మామూలుగా అయితే అరగంట తిట్టుకునేవాణ్ణి. ఆ రోజు నోరు పెగల్లేదు. ఎందుకంటే బావ చెయ్యి పోవడానికి కారణం గన్ను కాదు. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు.

నా పని గురించి కాస్త చెప్పాలి. మెకానిక్కులు బండ్లు బాగుచేస్తారు, నేను మెకానిక్కుల పనిముట్లు బాగుచేస్తాను. అందులోనూ మరలు మాత్రమే. బేరింగుని ఊడలాగే పుల్లరైనా, జాకీ అయినా, క్లాంపయినా, ఇనుముని పట్టి బిగించే వైసయినా దాని బలమంతా బోల్టు మీద తిరిగే ఆ మర గీతల్లోనే ఉంటుంది. నూనె చుక్క వెయ్యకుండా తిప్పుతారు, నట్టుని వంకరగా ఎక్కిస్తారు, ఎక్కకపోతే సుత్తితో కొడతారు. తర్వాత నా దగ్గరికి తెచ్చి "అదే పోయింది" అంటారు. ఇరవై ఏళ్ళలో "నేనే పాడుచేశాను" అన్న మెకానిక్కుని ఒక్కణ్ణీ చూడలేదు. నేను దాన్ని కిరసనాయిల్లో కడిగి, ఇత్తడి బ్రష్షుతో తోమి, అణిగిపోయిన అంచుల్ని మూడు మూలల ఆకురాయితో ఒక్కొక్కటిగా సరిచేసి, ఆఖరున కడ్డీకి మర కోసే డైలో నడిపిస్తాను. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ఈ పనికి కావలసింది ఓర్పు ఒక్కటే, అది నాకు మనుషుల దగ్గర లేకపోయినా ఇనుము దగ్గర ఉంది.

ఈ విద్య నాన్నది. ఆయనకో నియమం ఉండేది. లాగే పనిముట్టు, ఎత్తే పనిముట్టు ఎంత చెడిపోయి వచ్చినా బాగుచేసేవాడు. స్ప్రింగుని అదిమి పట్టే పనిముట్టుకి మర చెడితే మాత్రం ఆకురాయి ముట్టుకునేవాడు కాదు. రంపం తీసి మధ్యకి కోసి, ఆ రెండు ముక్కలూ తెచ్చినవాడి చేతిలో పెట్టేవాడు. వాళ్ళు అరిచేవాళ్ళు, దెబ్బలాడేవాళ్ళు. "కొయ్యకుండా ఇస్తే ఇవాళ దండం పెట్టి పట్టుకెళ్తావు, రేపు మళ్ళీ వాడతావు" అనేవాడు నాన్న.

ఇంకొకటి కూడా నేర్పాడు. బాగుచేసిన మర మీద నట్టుని సగం దాకా ఎక్కించి, రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. మెత్తగా తిరగాలి కానీ ఊగకూడదు. ఊగిందంటే, అందం కోసం కండ అంతా గీకేశామని అర్థం.

బావ మాకు పరిచయమైందే ఈ మరల వల్ల. అప్పటికి నేనింకా బడికి పోతున్నాను, అతను షెడ్డులో కొత్తగా చేరాడు. ఒక పుల్లరు పట్టుకుని వారం వారం వచ్చేవాడు. నాన్న బాగుచేసి ఇచ్చేవాడు. పై వారానికి అదే మర అదే చోట నలిగి ఉండేది. నాలుగోసారి నాన్న భూతద్దం పెట్టి చూసి, "ఇది అరుగుదల కాదు, సుత్తి దెబ్బ. దీన్ని ఎందుకు కొడుతున్నావు నాయనా?" అన్నాడు. బావ నేల చూపులు చూశాడు. లోపలి గదిలోంచి అక్క కిసుక్కున నవ్వింది. "ఈసారి పుల్లరు తేకు, మీ పెద్దవాళ్ళని తీసుకురా" అన్నాడు నాన్న.

అప్పటినుంచీ నన్ను ఏడిపించకుండా బావకి రోజు గడిచేది కాదు. నాకు మరల డాక్టరని పేరు పెట్టాడు. "మావాడు ఆపరేషను చేస్తే రోగం తగ్గుతుంది, రోగి ఉంటాడో లేదో చెప్పలేం" అని షెడ్డంతా నవ్వించేవాడు. నేనేం తక్కువ తిన్నానా? "పుల్లరుని సుత్తితో కొట్టి పెళ్ళాన్ని తెచ్చుకున్నవాడివి, నీకేం తెలుసు దీని విలువ" అనేవాణ్ణి. అక్క ఇద్దర్నీ కసిరేది. అమ్మ లేని ఇంట్లో నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి అక్క. నా పెళ్ళి కుదిర్చినా, నా కూతురి పురుడు పోసినా, నా మీద చెయ్యి చేసుకున్నా అన్నీ తనే. ఆ రోజు ఆసుపత్రిలో నా నోట అంత మాట రావడానికి కారణం కూడా అదే. అక్క ముందు దోషిగా నిలబడడం నాకు చేతకాదు.

నాన్న పోయిన మరుసటి ఏడు అది. ఒక ఉదయం బావ నా బెంచి మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి అతను వాడే గన్ను. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే యంత్రాన్ని షెడ్లలో అందరూ అలాగే అంటారు. దానికి గాలి గొట్టం బిగించే చోట మర అరిగిపోయింది. "పాములా బుస కొడుతోందిరా, దీని కోరలు పీకు" అన్నాడు.

రెండోది స్ప్రింగు క్లాంపు. మూరెడేసి కడ్డీలు రెండు, ఒక్కోదానికి రెండు కొక్కేలు. చక్రం వెనకాల ఉండే లావుపాటి స్ప్రింగుకి చెరో పక్కా వాటిని తగిలించి నట్లు తిప్పుతూ పోతే స్ప్రింగు అణుగుతుంది. అణిగిన స్ప్రింగు దగ్గర నిలబడాలంటే నాకైతే ఇప్పటికీ భయమే. ఆ రెండు కడ్డీల్లో ఒకదాని మర నాలుగు వేళ్ళ మేర చిరిగి ఉంది. ఎవరో చుక్క నూనె లేకుండా గన్నుతో తిప్పినట్టున్నారు.

"ఇది కోసెయ్యాల్సిందే బావా."

"మామయ్య అయితే ఈపాటికి రంపం తీసేవాడు" అన్నాడు బావ. "నిజంగా కొయ్యాల్సి వచ్చి కోసేవాడో, బాగుచెయ్యడం చేతకాక కోసేవాడో నాకు ఇప్పటికీ అనుమానమేరా. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుందట. అక్కడ బండి లిఫ్టు మీద వేలాడుతోంది. నీవల్ల కాకపోతే చెప్పు, వెనక వీధి లేతువాడికి ఇస్తాను."

వేళాకోళానికే అన్నాడు. వేళాకోళమని నాకూ తెలుసు. కానీ "నీవల్ల కాకపోతే" అన్న మాట వింటే నాకు బుద్ధి నిలవదు. "రెండు గంటలాగి రా" అన్నాను.

ఆ రెండు గంటలూ ఎంత సంతోషంగా పనిచేశానో చెప్తే సిగ్గుగా ఉంటుంది. చిరిగిన ప్రతి గీతనీ ఆకురాయితో దిద్దాను. కడ్డీ మీద డై నడిపాను, నట్టులో ట్యాపు నడిపాను. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త ఇనుము రాలింది. చివరికి కడ్డీ అద్దంలా మెరిసింది. నట్టుని వేలితో తోస్తే వెన్నలో తిరిగినట్టు తిరిగింది. నాన్న చూసి ఉంటే బాగుండుననిపించింది. అలవాటు కొద్దీ నట్టుని సగం దాకా తెచ్చి, రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాను.

ఊగింది. ఎక్కువ కాదు, గోరు మందంలో సగం ఉంటుందేమో. కానీ ఊగింది.

రంపం నా కుడి పక్కన గోడకి వేలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది. నేను ఎడమ పక్కనున్న గ్రీజు డబ్బా అందుకున్నాను. చిక్కటి గ్రీజు మర నిండా దట్టించాను. గ్రీజు పడ్డాక నట్టు ఊగడం తెలియదు, అది ఈ పని చేసే ప్రతివాడికీ తెలిసిన దొంగతనమే. చెత్త పని చేసినవాళ్ళు చేస్తారని నేను పదిమంది ముందు వెక్కిరించిన పని అది.

బావ రాగానే, "చేత్తోనే తిప్పు బావా, గన్ను పెట్టకు" అన్నాను.

"గన్ను నీ దగ్గర ఉంచుకుని, గన్ను పెట్టకంటావేంట్రా" అని నవ్వుతూ క్లాంపు పట్టుకెళ్ళాడు.

మూడు గంటలకి కబురొచ్చింది. పరుగెత్తి వెళ్ళేసరికి బావని బండిలోకి ఎక్కిస్తున్నారు. నట్టు జారి కడ్డీ ఎగిరి కుడి చేతిని కొట్టింది, బావ వెనక్కి పడడంలో తల లిఫ్టు స్తంభానికి తగిలింది. ఆ సమయానికి పక్కన ఎవరూ లేరు. నేల మీద పడి ఉన్న కడ్డీని తీసి చూశాను. నేను మెరిపించిన మరంతా సన్నటి తీగలా ఊడొచ్చి, చుట్లు చుట్లుగా వేలాడుతోంది. దాన్ని చొక్కా కింద దాచుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క నా రెండు భుజాలూ పట్టుకుంది. "ఏం జరిగిందిరా? పొద్దున నువ్వు బాగుచేసి ఇచ్చిందే కదా అది? ఎందుకు జారింది?"

"నేను గన్ను పెట్టొద్దని చెప్పానక్కా" అన్నాను. అంతవరకూ నిజమే. అక్కడ ఆగిపోయినా బాగుండేది. అక్క ఇంకా నా కళ్ళల్లోకి చూస్తూనే ఉంది. "పెట్టి ఉంటాడు. బావ వింటాడా?" అనేశాను.

అక్క నన్ను వదిలేసి గోడకి ఆనుకుంది. "ఈయనెప్పుడూ అంతే" అని ఏడ్చింది. ఆ రోజు నన్ను కాపాడింది ఆ ఒక్క మాట. నేను కొట్టుకి పోయి ఆ కడ్డీని రంపంతో రెండు ముక్కలు కోశాను. నాన్న నియమం పాటించాను, కొన్ని గంటలు ఆలస్యంగా. మర్నాడు పొద్దున గన్ను మర సరిచేసి, షెడ్డుకి ఎవరూ రాకముందే దాని కొక్కేనికి తగిలించి వచ్చాను.

బావకి మెలకువ వచ్చాక, ఆ రోజు ఉదయం నుంచీ జరిగిందేదీ గుర్తులేదని తేలింది. నా కొట్టుకి రావడం గుర్తులేదు, పాము మాట గుర్తులేదు. "ఏమైందిరా?" అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. "ఏమవుతుంది? తమ్ముడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడట, గన్ను పెట్టొద్దని. విన్నారా మీరు?"

బావ నా వైపు తిరిగాడు. "గన్ను పెట్టానా?"

నేను దుప్పటి సరిచేశాను. అవునని అనలేదు, కాదని అనలేదు. బావ దాన్ని అవుననే తీసుకున్నాడు.

మొదటి నెలల్లో అడుగుతూనే ఉండేవాడు. "నేను గన్ను పెట్టడమేంట్రా, నాకు నమ్మబుద్ధి కావడం లేదు." ఆరు నెలలకి "పెట్టే ఉంటాను" అనడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి చూడ్డానికి వచ్చినవాళ్ళకి తనే చెప్పేవాడు, గన్ను ఎలా పట్టుకున్నాడో ఎడమ చేత్తో చూపించి మరీ. నేను అక్కడే కూర్చుని వినేవాణ్ణి. కుడి చేతి చివరి రెండు వేళ్ళూ వంగవు. గ్లాసు జారితే అక్క అనేది, తువ్వాలు పిండలేకపోతే అనేది, "ఆ రోజు తమ్ముడి మాట వినుంటే" అని. ప్రతిసారీ బావ తల దించుకునేవాడు. ఊరంతా ఒకవైపు, తనొకవైపు నిలబడి పోట్లాడే మనిషి తల దించుకోవడం నేను అక్కడే చూశాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. వాళ్ళది మూడో అంతస్తు, కింద పెద్ద రోడ్డు. బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు.

"ఆ తెల్ల బండి విన్నావా?" అన్నాడు నన్ను చూడగానే. "ముందు ఎడమ చక్రం బేరింగు. నెల ఆగదు."

"ఇక్కణ్ణుంచే రోగాలు చెప్తారు, మందు మాత్రం ఇవ్వరు" అంది అక్క వంటగదిలోంచి. గిన్నెలు కడుగుతోంది.

నేను ఓనరు వచ్చిన సంగతి చెప్పాను. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. తప్పు చెయ్యనివాడెవడు బావా అన్నాను. ఎన్నాళ్ళిలా కూర్చుంటావన్నాను. అసలు విషయం చెప్పకుండానే అతన్ని ఒప్పించి బయటపడదామని నా ఆశ. ఇంత జరిగాక కూడా నా తెలివి అలాగే పనిచేసింది.

"తప్పు చెయ్యడం వేరురా" అన్నాడు బావ. "నువ్వు వద్దన్నాక చేశాను. గన్ను విషయంలో నేను ఎంతమందిని తిట్టానో షెడ్డులో ఎవర్నైనా అడుగు. అలాంటివాణ్ణి ఎందుకు పెట్టానా అని రోజూ ఆలోచిస్తాను. తొందరా అంటే తొందరేం లేదు. ఎంత ఆలోచించినా కారణం దొరకదు. ఒళ్ళు పొగరే అయి ఉంటుంది. ఇన్నేళ్ళూ నాకు నేనే తెలియలేదన్నమాట. అలాంటివాడు పక్కవాడి పని మీద సంతకం ఎలా పెడతాడు?" కాసేపు రోడ్డు చూశాడు. "ఆ గన్ను చప్పుడు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. గొట్టం కాలికి చుట్టుకుంటే తన్ని తోశాను కూడా."

చెయ్యని తప్పుకి రెండేళ్ళుగా కారణం వెతుక్కుంటున్నాడు ఆ మనిషి.

"అది వేరే రోజు బావా."

"ఏది?"

"ఆ చప్పుడు. ఆ రోజు గన్ను నీ దగ్గర లేదు. నా కొట్టులో, నా బెంచి మీద ఉంది."

బావ నా మొహం చూసి నవ్వాడు. "నన్ను ఉద్యోగంలోకి తొయ్యడానికి ఎంతకైనా తెగిస్తావన్నమాట. వద్దురా, నీ నోటికి అబద్ధం అతకదు."

నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. "అబద్ధం ఆడింది అప్పుడు బావా, ఇప్పుడు కాదు" అన్నాను. ఇక ఆగకుండా చెప్పాను. గన్ను తనే తెచ్చి బెంచి మీద పెట్టడం, పాములా బుస కొడుతోందనడం, మర్నాడు పొద్దున నేను దాన్ని దొంగలా తీసుకెళ్ళి తగిలించి రావడం, ఆసుపత్రిలో అక్కతో అన్న మాట. చెబుతున్నంతసేపూ బావ నన్ను కాక తన చేతిని చూసుకుంటున్నాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను ఆపాక బావ షెడ్డులో పని గురించి అడిగినట్టే అడిగాడు.

"నట్టు ఊపి చూశావా?"

"చూశాను."

"ఊగిందా?"

"ఊగింది."

"ఎంత?"

బొటనవేలి గోరు మీద ఇంకో గోరు పెట్టి చూపించాను.

"గ్రీజు పెట్టావా?"

"పెట్టాను బావా."

తల పంకించాడు. అతని మొహంలోకి రక్తం ఎక్కింది. లేచి కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. చెంప అక్కడే ఉంచాను.

"ఏమేవ్" అని కేక పెట్టాడు. "ఏమేవ్, ఇలా రా. విన్నావా? నేను గన్ను పెట్టలేదట."

అక్క అప్పటికే గుమ్మంలో ఉంది. తడి చేతులు ముందుకి చాచినవి చాచినట్టే ఉన్నాయి.

"చేత్తోనే తిప్పానట. వీడు చెప్పినట్టే చేశానట" అన్నాడు బావ. అతని కళ్ళు మెరుస్తున్నాయి, నవ్వుతున్నాడు. పరీక్ష పోయిందనుకుని రెండేళ్ళు తిరిగినవాడికి, కాదు పాసయ్యావని ఎవరో వచ్చి చెప్పినట్టుంది ఆ మొహం. "నేననుకుంటూనే ఉన్నాను. నేనెందుకు పెడతాను? పెట్టనుగా?"

"పెట్టరు" అంది అక్క. వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. ఆ వంగని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేను రోజూ అన్నానే. గ్లాసు జారినా అన్నానే."

"అంటే అన్నావులే. నీకేం తెలుసు?"

"మీరైనా ఒక్కసారి ఎదురు చెప్పలేదే."

"నాకేం తెలుసు?" అని బావ మళ్ళీ నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. బావా అన్నాను, క్షమించమని అడగబోయాను. ఎడమ చెయ్యి ఎత్తి ఆపాడు.

"నిన్ను తర్వాత తిడతానురా. ముందు నన్ను కాస్త సంతోషపడనీ."

అక్క నా వైపు చూడలేదు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే పైన బావ గొంతు వినిపిస్తూనే ఉంది, అదే మాట మళ్ళీ చెబుతున్నాడు, చేత్తోనే తిప్పానట అని. కింద రోడ్డు మీద ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు నిలబడ్డాను. అతనికి కోపం వస్తే తట్టుకోవడానికి సిద్ధపడి వెళ్ళాను. అంత ఆనందం వస్తుందని అనుకోలేదు. ఆ ఆనందం రెండేళ్ళ క్రితమే, ఏ రోజైనా, ఒక్క మాటతో నేను ఇచ్చి ఉండొచ్చు.

సోమవారం బావ కొత్త షెడ్డుకి వెళ్ళాడు. ఇది జరిగి ఐదు నెలలైంది. అతను సంతకం పెట్టనిదే ఒక్క బండి కదలదట, ఎడమ చేత్తో కోడి గీతల్లా పెడతాడట, ఓనరు అందరికీ గొప్పగా చెబుతున్నాడు. నా మీద ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. షెడ్డు పనిముట్లు ఇదివరకులాగే నా దగ్గరికి వస్తున్నాయి. అక్క ఇంటికి వెళ్తే ఇదివరకులాగే టీ ఇస్తుంది, నా కూతురు ఎలా ఉందని అడుగుతుంది. బావ కూర్చోమంటాడు, వాన పడేలా ఉందంటాడు. మరల డాక్టరని మాత్రం పిలవడు. నేను ఒకటి రెండుసార్లు పుల్లరు సంగతి ఎత్తి కవ్వించబోయాను. మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత తిడతానన్నాడు. ఇంకా తిట్టలేదు.